ఏడాది పొడవునా రెండేసి టికెట్లు

వెర్నా గోడ మీది క్యాలెండర్‌ని మేకుతో సహా ఊడబెరికి వంటింటి బల్ల మీద పడేసింది.

"ఏంటే ఇది?"

"క్యాలెండర్," అంది చెల్లెలు కొలీన్, పెనం మీది గుడ్ల మీంచి చూపు తిప్పకుండా.

వెర్నాకి ఒళ్ళు మండింది. క్యాలెండరని ఆమెకీ తెలుసు. మండించినవి దాని మీది ఎర్ర సున్నాలు. ఫిబ్రవరిలో చాక్లెట్లూ వైనూ. మార్చిలో పీపాల్లోంచి నేరుగా పోసి రుచి చూపించే వారం. మే నెలలో వైన్ తయారుచేసే ఒక్కో వైనరీలో ఒక్కో మొక్క చేతికిచ్చే పండగ. సెప్టెంబరులో కాళ్ళతో ద్రాక్ష తొక్కడం. సెనెకా సరస్సు చుట్టూ ఏడాదంతా జరిగే వైన్ సంబరాల్లో ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు మహాతల్లి. మందు మానేసి పదమూడు నెలలే అయిన మనిషి చేయాల్సిన పనేనా ఇది?

పోనీ ఒంటరి మనిషా అంటే అదీ కాదు. కొడుకు బ్రెంట్ ఆదివారాలు తన కూతుర్ని కొలీన్ దగ్గర వదలడం మొదలుపెట్టి రెండు నెలలు కాలేదు. ఒక్కసారి నోట్లో వైన్ వాసన తగిలిందా, ఆ పిల్ల మళ్ళీ ఈ గడప తొక్కదు. ఆ మాట వాడు తల్లి మొహం మీదే చెప్పాడు. వెర్నా అదంతా మళ్ళీ మొదట్నుంచీ ఏకరువు పెట్టింది. కొలీన్ తాపీగా గుడ్లు తిరగేసింది.

"వెళ్తాను అక్కా. అన్నిటికీ వెళ్తాను."

"ఎవరు వెళ్ళనిస్తారు?"

"అరవై దాటాయి నాకు. ఇంకా ఒకళ్ళు వెళ్ళనివ్వాలా?"

వెర్నా కుర్చీ లాక్కుని కూర్చుని నచ్చజెప్పడం మొదలెట్టింది. గుక్కెడే కదా అని పోస్తారు, గుక్కెడు గుక్కెడూ కలిస్తే సీసా అవుతుంది, ఆ సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుసు అంది. ఇరవై రెండేళ్ళుగా తను ఈ సంబరాల్లో ఒక్కటీ తప్పలేదు. ఒక్కతే బయల్దేరుతుంది, రోజుకి పది వైనరీలు చుట్టబెడుతుంది, ఒక్కతే కారు నడుపుకుంటూ ఇంటికొస్తుంది. ఏనాడైనా ఎవరి చేతైనా మాట అనిపించుకుందా?

"ఎవరి హద్దు వాళ్ళకి తెలియాలి కొలీన్. నాకు తెలుసు, నీకు తెలీదు. అంతే తేడా."

కొలీన్ పొయ్యి ఆపి అక్క మొహంలోకి చాలాసేపు చూసింది.

అప్పుడు పడింది వెర్నా కంట ఫ్రిజ్ మీది కవరు. లాగి చూస్తే అన్నీ టికెట్లే. అప్పుడే కొనేసింది కూడాను. అదీ ఒక్కోటి కాదు, ప్రతి సంబరానికీ రెండేసి. రెండో టికెట్ ఎవరికో అడగాలా? రస్టీ గాడికే. కొలీన్‌తో కలిసి తాగి తాగి, చివరికి స్పృహ లేని దాన్ని పార్కింగ్‌లో వదిలేసి పోయిన ఘనుడు.

"వాడేగా?"

"కాదు."

"మరి ఎవరు?"

"పేర్లు అచ్చేసే ఉన్నాయి. చదువుకో."

"వాడి పేరు చదివి నా కళ్ళు మైలపరుచుకోనా?"

చింపెయ్యబోయింది. కొలీన్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. చింపితే మళ్ళీ కొంటానంది. ఎన్నిసార్లు చింపితే అన్నిసార్లు కొంటానంది. అయితే బ్రెంట్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తానని వెర్నా బెదిరించింది.

"చెయ్యి. నంబర్ చెప్పనా?"

ఎంత తెగింపు! వెర్నా ఫోన్ చేసింది. క్యాలెండరూ, కవరూ, రెండేసి టికెట్లూ అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"తెలుసు పెద్దమ్మా. ఆ టికెట్లు బుక్ చేసింది నేనే."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? మీ అమ్మ మళ్ళీ మొదలెడితే?"

"నా భయమూ అదే. వద్దని మూడు రోజులు బతిమాలాను, వింటేనా! నువ్వు ముందు ఆ టికెట్లు చదువు," అని పెట్టేశాడు.

వెర్నా కళ్ళజోడు పెట్టుకుంది. పై టికెట్ మీద కొలీన్ పేరు, దాని కింద 'డ్రైవర్, ద్రాక్షరసం మాత్రమే' అని ఉంది. తాగినవాళ్ళని ఇంటికి చేర్చడానికి చుక్క ముట్టకుండా వెంట వచ్చేవాళ్ళ టికెట్ అది. వెర్నా ఇరవై రెండేళ్ళలో అలాంటి టికెట్ కొననూ లేదు, అలాంటి మనిషిని వెంటబెట్టుకునీ పోలేదు. గబగబా మిగతా జతల్లో పై టికెట్లూ చూసింది. మార్చి, మే, సెప్టెంబరు, అన్నిటి మీదా కొలీన్ డ్రైవరే. హమ్మయ్య అనుకుంది. ఆ సంతోషంలో రెండో టికెట్ మాట మరిచేపోయేది.

"డిసెంబరు సంబరం నుంచి నువ్వు ఇంటికెలా చేరావు అక్కా?" అంది కొలీన్.

అదేం ప్రశ్న? కారు నడుపుకుంటూ వచ్చాను అనబోయి వెర్నా ఆగిపోయింది. ఎనిమిదో వైనరీ దాకా గుర్తుంది. ఆ తర్వాత ఎంత తడుముకున్నా ఏమీ తగల్లేదు.

"కాలువ గట్టు మీద, ఇంజన్ ఆపకుండా, స్టీరింగ్ మీద పడి నిద్రపోతున్నావు. బ్రెంట్, నేనూ మోసుకొచ్చి పడుకోబెట్టాం. పొద్దున్నే లేచి కాఫీ బాగుందన్నావు."

అన్ని వైన్ల మధ్య రోజంతా నిలబడటానికి నీకు భయం లేదా అని అడిగింది వెర్నా.

"చచ్చేంత భయం. అయినా నిలబడతాను. నువ్వు మానవు, నేను నిన్ను వదలను."

వెర్నా రెండో టికెట్ తిప్పింది. రుచి చూసేవారు అన్న చోట తన పేరే, ఇంటిపేరుతో సహా, ఉంది.

కొలీన్ చెయ్యి చాచింది.

"కారు తాళాలు ఇటివ్వు."