గ్యాలీలో గొడవ

“గ్యాలీలో కత్తులు ఇలా పడేస్తారా?” నాన్న అరిచాడు.

“ఇది ఓడలో గ్యాలీ కాదు, ఇంట్లో వంటగది!” చేతిలో గిన్నె ఠపీమని పెట్టాను. “నేవీ నుంచి రిటైరై వచ్చేశావు. ఇంకా నేల డెక్కు, మంచం బంకు, మేం నీ కింద నావికులం! నా చిన్నప్పుడు సెలవులకి వస్తే ఇలా ఉండేవాడివా? వంటింటి గుమ్మం బయటే నిలబడి మంచినీళ్లు అడిగేవాడివి.”

“వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు పీకి పందిరేస్తున్నారు” అని అమ్మ వంత పాడింది.

నాన్న కత్తి తుడిచి గోడకి తగిలించాడు.

“అప్పుడు మీ ఇంటికొచ్చిన చుట్టాన్ని” అన్నాడు మెల్లగా.

అమ్మ అంట్లన్నీ ఆయన ముందుకి తోసింది.

“అయితే మీ గ్యాలీలో ఇవి కూడా తోమి ఏడవండి.”