పైడమ్మకు నచ్చిన ఇల్లు

"ఈ ఇంట్లో మనుషులుంటారా, కప్పలుంటాయా?" అంది పైడమ్మ, చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని.

ఫిజీలోని సువాలో వాళ్ళు చూసిన రెండో ఇల్లు అది. మొదటిదానికి గాలి రాదంది. దీనికేమో నేలంతా చెమ్మ. రంగస్వామి తల పట్టుకున్నాడు.

"వాన పడని ఇల్లు ఎక్కణ్ణుంచి తెచ్చేదే అమ్మా? సువా అంటేనే వాన."

"అయితే పెనాంగ్‌లోనే చెరుకు కొట్టుకుంటూ పడుందుము."

"చెరుకు కొట్టింది చాల్లేరా అని నువ్వే గదా అన్నావు!"

"అన్నాను. కప్పలతో కాపురం చెయ్యమన్నానా ఏటి?"

రంగస్వామి పెళ్ళాం తులసి నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే ఏడో నెల పొట్ట ఊగింది. మొగుడు గుర్రుగా చూసేసరికి ఆపుకుంది.

రంగస్వామికి నవ్వెలా వస్తుంది? ఫిజీలోనే అవతలి కొసనున్న పెనాంగ్ చెరుకుతోటల్లో గిర్మిట్ ఒప్పందం కింద అయిదేళ్ళు, ఆపైన కూలికి ఇంకో అయిదేళ్ళు చెమటోడ్చాక ఇప్పటికి సువా రేవులో పని దొరికింది. అంతలో ఇంకో చిక్కు. పదేళ్ళు నిండినవాళ్ళను సర్కారే ఖర్చు పెట్టుకుని ఇండియా పంపుతుంది. ఆ ఓడ రేవులోనే ఉంది, ఎల్లుండి కదులుతుంది. "అది కదిలేలోగా నాకు నచ్చే ఇల్లు చూపించు. లేదంటే నా దారి నాది, ఓడెక్కేస్తా" అని కూర్చుంది పైడమ్మ. ఆ మాట విన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

మూడో ఇల్లు తూరాక్ గుట్ట మీద ఉంది. ఇంటావిడ పేరు సరస్వతి. వెనక వాటా అద్దెకిస్తానంది గానీ తలుపు తీయకముందే మాట తేల్చేసింది.

"ఒంటరి మగాళ్ళకు ఇవ్వను. తాగొచ్చి గోల చేస్తారు. ఇంట్లో పెద్దదిక్కు ఉండాలి."

"పెద్దదిక్కా? ఎనిమిది దిక్కులూ మా అమ్మేనమ్మా" అన్నాడు రంగస్వామి.

సరస్వతి పైడమ్మ నుదుట రూపాయి కాసంత బొట్టు చూసింది. "పెద్దాయన రాలేదా?"

"ఏ పెద్దాయన? నా నెత్తిమీద పెద్దాయనెవడూ లేడు."

సరస్వతి తలుపు తీసింది. మొగుడు వదిలేసి పోయుంటాడు పాపం అనుకుంది. ఓడల్లో వచ్చినవాళ్ళ కథలు ఆవిడ చాలానే విన్నది.

పైడమ్మ లోపలికెళ్ళి గోడచెక్కలు తట్టింది. పొయ్యి దగ్గర వంగి పొగ పోయే దారి చూసింది. నేల మీద అరచెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరక్క కాసేపు అటూ ఇటూ తిరిగింది.

"బావుందిరా. దీన్నే తీసుకో."

రంగస్వామి మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య! అయితే ఉంటున్నావు."

"ఉండడమేటి? గది ఒక్కటే. మీ ఇద్దరికీ, పుట్టబోయే బిడ్డకీ సరిపోద్ది. నేను ఎల్లుండి ఓడెక్కుతా."

"అదేంటే! నచ్చితే ఉంటానన్నావు గదా?"

"అలా అనకపోతే నన్నిన్ని ఇళ్ళు తిప్పుతావా? మిమ్మల్ని తడినేల మీద పడేసి పోలేక వెతికాను. కూలీ లైన్లలో గోనెసంచి అడ్డం కట్టుకుని ఒక్క గదిలోనే పడున్నాం. కొత్త దంపతులు, గట్టిగా నవ్వుకోడానికి కూడా లేకపోయింది మీకు. ఇక్కడైనా మీ కాపురం మీరు చేసుకోండి."

తులసి ఉన్నపళంగా నేల మీద చతికిలబడింది.

"అయితే నేనూ ఓడెక్కుతా."

"ఏడో నెల కడుపుతోనా? మతిపోయిందా ఏటే?"

"నీకు పోలేదా? నీతో గొడవ పడకపోతే నాకు పొద్దు గడవదత్తా! బిడ్డను కాళ్ళ మీదేసుకుని నీళ్ళెవరు పోస్తారు? అక్కడ నీకెవరున్నారని పోతున్నావు?"

"ఎవరూ లేరు. అయితే మాత్రం? ఈ ముసిల్దాన్ని కూర్చోబెట్టి మేపుతారా?"

"నువ్వెప్పుడు కూర్చున్నావే అమ్మా?" అన్నాడు రంగస్వామి. అనేసి, ముగ్గురాడవాళ్ళ ముందే భోరుమన్నాడు. "నువ్వు పోతే నాకెవరున్నారే!"

"ఛీ, ఊరుకో! దున్నపోతులా ఎదిగి ఏడుపేటిరా! ఓడలో జ్వరమొచ్చినప్పుడూ ఇంతే, నా ఒళ్ళో తలపెట్టి ఒకటే ఏడుపు." తిడుతూనే కొంగుతో వాడి కళ్ళు తుడిచింది. ఆ తర్వాత అదే కొంగు తన కళ్ళకు అద్దుకుంది. వరండా వైపు చూసి గొంతు సవరించుకుంది. "ఆ మూల తడికె కట్టు, నేనక్కడ పడుకుంటా. జల్లు కొట్టిందో, ఊరుకునేది లేదు."

తులసి లేవబోయి లేవలేక చెయ్యి చాపింది. పైడమ్మ రెక్క పట్టుకుని లేపింది. రంగస్వామి ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

సరస్వతికీ కళ్ళు చెమర్చాయి. ఇలాంటి కుటుంబం తన ఇంటికి రావడం ఆవిడకు మహా సంతోషంగా ఉంది.

"తొలికాన్పని భయపడకు పిల్లా. అత్తగారున్నారు, ఆవిడకు తెలీందేముంది?" అని పైడమ్మ వైపు తిరిగింది. "మీకీ అబ్బాయి కాన్పు తేలిగ్గానే అయిందా పెద్దమ్మా?"

పొద్దుటినుంచీ ఎవరినీ మాటల్లో నెగ్గనివ్వని పైడమ్మ మొట్టమొదటిసారి సిగ్గుపడింది.

"వీడు నాకు ఓడలో దొరికాడు. నాకింకా పెళ్ళే కాలేదమ్మా."