మచ్చ పడని ముక్క

మా అత్త ఓయ్నిసో తన చావుకని దాచుకున్న మూటను పెట్టెలోంచి తీసి విప్పింది. శవానికి చుట్టే కఫన్ గుడ్డ నిండా నల్లటి బూజు. బుఖారా మట్టిగోడలు కిందినుంచి నీళ్లు తాగుతాయి; పెట్టె ఆ గోడకే ఆనుకుని ఉంది.

“ఏటా వసంతంలో ఎండకేసేదాన్ని. ఈ ఏడు మనవడి ఉయ్యాల వేడుక హడావుడిలో మర్చిపోయానే, నా బుద్ధి మండ,” అంది.

మడతలన్నీ విప్పి, మచ్చ పడని మేర మూరతో కొలిచింది. రెండు మూరలు తేలింది.

“మీకు చాలదు అత్తమ్మా,” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“నాకెందుకే ఇప్పుడు? ఆ కత్తెర ఇటివ్వు.”

ఆమె కత్తిరిస్తుంటే నేను ఉయ్యాల దగ్గరికి వెళ్లి, నా కొడుకును కదలకుండా అందులో కట్టి ఉంచే గుడ్డ పట్టీలు విప్పాను. రోజూ అవి ఊడగానే వాడు కాళ్లు ఆడించేవాడు.

ఇవాళ ఆడించలేదు.