పదకొండో రోజు

"పదకొండో రోజు జోలికి మాత్రం రావద్దు సార్" అన్నాడు రాజు, పెన్ను బల్ల మీద విసిరేసినట్టే పెట్టి.

నాగచైతన్య కళ్లు పెద్దవి చేసి చూశాడు. ఖమ్మం బస్టాండు ఎదురుగా ఉన్న ఆ టూర్స్ ఆఫీసుకు ఆయనే యజమాని. నాలుగేళ్లుగా పనిచేస్తున్న రాజు తనకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

జర్మనీ నుంచి పన్నెండు మంది వస్తున్నారు. పద్దెనిమిది రోజుల్లో వాళ్లకు దేశం చూపించాలి. ఢిల్లీలో దిగి ఆగ్రా, జైపూర్, కాశీ, కోణార్క, అరకు, భద్రాచలం, హంపి చూసి కొచ్చిలో విమానం ఎక్కేదాకా ప్లానంతా రాజే వేశాడు. ఏ ఊళ్లో ఏ పూట ఎండ ఎక్కువో, ఏ స్టేషన్లో మోకాళ్ల నొప్పుల వాళ్లకు లిఫ్టు ఉందో, కారం లేని తిండి ఎక్కడ దొరుకుతుందో కూడా రాశాడు. వారం రోజులు దాని మీదే కూర్చున్నాడు. ఆ ప్లాన్‌లో నాగచైతన్య తాపీగా పదకొండో రోజు కింద ఉన్న పర్ణశాలను కొట్టేసి, పైన ఎర్ర పెన్నుతో 'అడవి మనుషులు' అని రాశాడు. అంత కష్టపడ్డవాడికి ఒళ్లు మండదా మరి.

"పర్ణశాలల ఏముంటది? బొమ్మలు. వాళ్లు మనుషులను చూస్తమని మెయిల్ రాసిన్రు" అన్నాడు నాగచైతన్య.

"మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవాలని రాశారు సార్."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు సార్."

నాగచైతన్య తన ఫోన్ తిప్పి చూపించాడు. తెర మీద యాభై దాటిన ఒక కోయ ఆడమనిషి ఫొటో. నుదుట పచ్చబొట్టు, మెడనిండా పూసలు, నెత్తిన విస్తరాకుల మోపు. వారపు సంతలో ఎవరో తీసి నెట్లో పెట్టారు. ఆమె ముఖం చిట్లించుకునే ఉంది. అయినా కింద వేలమంది 'ఎంత అందమైన అమాయకత్వం' అని రాసి మురిసిపోయారు. తీసినవాడు ఆమెను ఒక్క మాట అడిగాడా లేదా అన్నది వాళ్లలో ఎవరికీ పట్టలేదు.

"గీమెనే కావాలె. చర్ల దారిల ఊరంట. పొద్దుగాల్నే గీమె ఇంటికి పోవుడు, గీమె చేతి అంబలి తాగుడు, పక్కన నిలబడి ఫొటోలు దిగుడు. వాళ్ల దేశం పోయినంక పదేండ్లు చెప్పుకుంటరు."

"ఆ ఊరికి బస్సు పోదు సార్. వాగు దాటాలి."

"జీపులు పెడదం."

"సాయంత్రం ఖమ్మంలో రైలు అందదు."

"గోదాట్ల పడవ షికారు కొట్టెయ్."

"అంబలి వాళ్ల కడుపుకు పడదు."

"సీసా నీళ్లతోని కాపిద్దం. ఇంకేంది?"

పక్క బల్ల దగ్గర టికెట్లు చూసే లిఖితకు నవ్వొచ్చింది. "మధిర కాలేజీల చదివిండు కద సార్, అడవంటే భయం గావచ్చు" అంది.

"అవ్, మాట కూడ అటు ఆంధ్ర దిక్కు మాటనే" అని నాగచైతన్య కూడా నవ్వాడు. రాజు నవ్వలేదు.

"ఆమె ఒప్పుకోదు సార్."

"ఒక చీర పెడితే ఒప్పుకుంటది. మొగునికి ఓ సీసా పట్టిస్తే ఆయనే తోలుకొచ్చి కూసోబెడ్తడు."

"ఆయన చనిపోయి ఆరేళ్లయింది" అన్నాడు రాజు. గొంతు పెరిగింది. "ఆమె తెల్లారకముందే మిర్చి కోతకు పోతుంది. మనం పోయి గుమ్మంలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ ఫొటో తీసినప్పట్నుంచి సంతకు పోవడమే మానేసింది. వాళ్ల ముందు నిలబెట్టడానికి ఆమె ఏమన్నా జూలో జంతువా సార్?"

"గివన్నీ నీకెట్ల తెలుసు?"

రాజు ఒక్క క్షణం తడబడ్డాడు. "రూట్లు చూడ్డానికి అటు తిరిగాను కదా సార్."

"మరి ముందుగాల చెప్పవేంది? మనకు తెలిసిన మనిషే అన్నట్టు" అన్నాడు నాగచైతన్య సంబరంగా.

రాజు తన నోటితో తనే దారి చూపించాడు. ఆ సంగతి అతనికి అప్పుడు అర్థమైంది. ప్లాన్ కాగితాన్ని తన వైపు లాక్కుని ఎర్ర అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టాడు. గీత ఎంత బలంగా కొట్టాడంటే కాగితం చిరిగింది.

నాగచైతన్య లేచి నిలబడ్డాడు. ఇప్పుడు ఆయనకూ కోపం నషాళానికంటింది.

"ఏంది, జీతం నేనిస్తున్ననా నువ్విస్తున్నవా? గీ జర్మనీ పార్టీ జారిపోతే ఆఫీసు షట్టర్ దించుడే. చేస్తవా, చెయ్యవా? చెయ్యకుంటే కాయితాలు లిఖితకిచ్చి ఇప్పుడే పో."

రాజు గుమ్మం వైపు చూశాడు. చెల్లెలు భవాని విజయవాడలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. అతని జీతం ఆగిన నెల ఆమె హాస్టల్ ఖాళీ చెయ్యాలి. ఆ గుమ్మం దాటడం పది సెకన్ల పని. కాని ఆ పది సెకన్లు దాటడానికి అతనికి కాళ్లు రాలేదు. తన కాళ్ల మీద తనకే అసహ్యం వేసింది.

"గామెకు ఫోనున్నదా?"

"ఉంది."

"నంబరున్నదా?"

"ఉంది."

"చెయ్. నా ముంగట్నే చెయ్, స్పీకర్ పెట్టి."

"ఏమని చెప్పాలి?"

"ఆ రోజు కూలికి పోవద్దను. పూసలన్నీ ఏసుకొని వాకిట్ల కూసోమను" అన్నాడు నాగచైతన్య. ఫొటోను ఇంకోసారి చూసుకుని, "ముఖం గిట్ల పెట్టొద్దను. జర నవ్వమను" అన్నాడు.

లిఖిత కుర్చీ అటు తిప్పుకుని టికెట్లు కొట్టడం మొదలుపెట్టింది.

రాజు తన అమ్మకు ఫోన్ కలిపాడు.