కదలొద్దన్న చోట

మొహం మీద పడింది వాన చినుకే అనుకున్నాడు డోనల్.

తల తిప్పి చూస్తే, నీలం కోటు వేసుకున్న ముసలావిడ ఒకామె సీసాలోంచి పవిత్ర జలం చేతిలోకి ఒంపుకుని అతని మీద చల్లుతోంది.

"నీలో దూరిన దయ్యం వదలాలిరా అబ్బాయ్!"

ఆవిడ వెనక ఉన్న గుంపు గొల్లున నవ్వింది.

డోనల్ ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో సోషల్ వర్క్ చదువుతున్నాడు. ఆ వారం పాఠం గర్భస్రావం హక్కు. పాఠం చెప్పే ఊనా పుస్తకం మూసేసి, నలుగురు విద్యార్థుల్ని గర్భస్రావాలు చేసే ఈ క్లినిక్ ముందుకు తీసుకొచ్చింది. హక్కు అంటే క్లాసులో అందరూ తలూపుతారు. దాన్ని వాడుకోవడానికి ఒక ఆడపిల్ల ఏం దాటుకుని రావాలో చూస్తే తప్ప తలకెక్కదని ఊనా నమ్మకం.

వచ్చే అమ్మాయిల మొహాలు, గర్భస్రావం పాపమని అరిచే ఈ గుంపు ఫోన్లలో పడకుండా అడ్డుపెట్టమని నర్సు మోయా తలా ఒక పెద్ద గొడుగు ఇచ్చింది.

"ముందు గుమ్మం దగ్గర నిలబడండి. ఏం జరిగినా అక్కణ్ణుంచి కదలొద్దు. ఎవరి మీదా చెయ్యి వెయ్యొద్దు."

"ఎవరైనా అమ్మాయిని ఆపితే?" అన్నాడు డోనల్.

"ఆపినా సరే. ఏం చెయ్యాలో మేం చూసుకుంటాం."

ఆ మాట డోనల్‌కి నచ్చలేదు. మంచి చెయ్యాలని ఉరకలేసే కుర్రాళ్ళకి ఊరికే నిలబడమంటే ఎక్కడ నచ్చుతుంది?

"మీ అమ్మ నిన్ను కన్నది ఇందుకేనా?" అని గుంపులో ఒకడు అరిచాడు.

"మా అమ్మ కావాలనుకుని కంది. అదీ తేడా!" అన్నాడు డోనల్.

వాడు డోనల్ గొడుగు చువ్వ విరిచేశాడు. ఇంకొకడు ఊనా మొహాన ఉమ్మాడు. ఊనా తుడుచుకుని అక్కడే నిలబడింది.

అందరిలోకీ నీలం కోటావిడ గొంతే పెద్దది.

"అసలు విషమంతా ఆ ముసలిదాని దగ్గరే ఉంది," అన్నాడు డోనల్, పక్కనున్న తోటి విద్యార్థిని కీవాతో.

"ఊరుకో. మా అమ్మమ్మా ఇలాగే జపమాల తిప్పుతుంది."

"మీ అమ్మమ్మ ఆడపిల్లల్ని పీక్కుతినదుగా!"

అప్పుడే వీధి మలుపులో ఒక అమ్మాయి కనిపించింది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. పెదవి చిట్లి రక్తం ఎండిపోయి ఉంది. అడుగడుక్కీ వెనక్కి చూస్తోంది.

ఈ అమ్మాయి లోపలికి చేరాలి. డోనల్‌కి ఇంకేమీ తోచలేదు.

నీలం కోటావిడ శాపనార్థాలు పెడుతూ గుంపులోంచి దూసుకుపోయి అమ్మాయి చెయ్యి పట్టుకుంది. గుమ్మానికి దూరంగా లాక్కుపోసాగింది. అమ్మాయి ఏడుస్తూ వెనకే పోతోంది.

డోనల్ గొడుగు పారేసి పరుగెత్తాడు.

"డోనల్, కదలకు!" అని అరిచింది ఊనా.

"వదులు! వదలవే ముసలిదానా!"

ఆవిడ వదల్లేదు. "పోరా వెధవా, అడ్డం రాకు," అంది పళ్ళు బిగించి.

డోనల్ రెండు చేతులా తోశాడు.

ఆవిడ వెల్లకిలా పడింది. పేవ్‌మెంట్ రాతికి తల కొట్టుకున్న చప్పుడు అంత గోలలోనూ వినిపించింది. డోనల్ మాత్రం వెనక్కి చూడలేదు.

"పదమ్మా, నేనున్నాగా," అంటూ అమ్మాయి భుజం పట్టుకుని గుమ్మం వైపు నడిపించాడు.

"వద్దు, అటు వద్దు..."

బెదిరిపోయి అలా అంటోందనుకున్నాడు.

గుమ్మానికి ఎదురుగా ఆగి ఉన్న వ్యాన్ తలుపు తెరుచుకుంది. హాకీ కర్రలాంటి హర్లింగ్ ఆట కర్ర పట్టుకుని ఒకడు దిగాడు.

"ఓర్లా! పరువు తీస్తావటే!"

"అన్నయ్యా, వద్దు!"

కర్ర ఆమె మోచేతి మీద పడింది. ఎముక విరిగింది. మళ్ళీ కడుపు మీద పడింది. అడ్డం వెళ్ళిన డోనల్ చెవి చితికింది. గుంపులోంచి ఒక్కరూ ముందుకు రాలేదు. ఊనా, కీవా మీదపడి గొడుగులతో వాడి మొహం పగిలేలా బాదితే గానీ వాడు కర్ర వదల్లేదు.

మోయా క్లినిక్ వెనక నుంచి పరుగున వచ్చింది. కీవా చేతుల్లో ఉన్న ఓర్లాని ఒక్క క్షణం చూసి, ముసలావిడ పక్కన కూలబడింది. రక్తం అప్పటికే కాలవలోకి కారుతోంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ కనురెప్పల్ని తన వేళ్ళతో మూసింది.

"నేను కావాలని చెయ్యలేదు," అన్నాడు డోనల్. "ఆవిడ... ఈ అమ్మాయిని లాక్కుపోతోంది!"



ఓర్లా విరిగిన చేతిని గుండెకి అదుముకుని చెప్పింది.

"మా అన్నయ్య ఇక్కడ కాపు కాస్తాడని ఆవిడే ఈ గుంపులో కలిసిపోయి విని, క్లినిక్ వాళ్ళకి చెప్పిందట. నిన్న మోయా ఫోన్ చేసింది. ఒక పెద్దావిడ తిట్టుకుంటూ వచ్చి నీ చెయ్యి పట్టుకుంటుంది, వెనక తలుపు దాకా ఆవిడతో పో, అంది. ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచిన ఏ ఆడపిల్ల మీదా ఒక్క దెబ్బ కూడా పడలేదట."