చేరగల తేదీ

"ఇదేంటి వెండెల్, మీ అమ్మ నిన్ను బడిలో ఎప్పుడు వేసిందో కూడా రాశావ్? పెళ్ళిసంబంధం చూస్తున్నారా?"

రాబర్టా ఎర్రపెన్నుతో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. క్లాసంతా నవ్వింది. వెండెల్ కూడా నవ్వాడు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సుకి పది మైళ్ళ దూరంలో ఉన్న జైలు అది. ఆరు నెలల్లో బయటికి వెళ్ళబోయేవాళ్ళకి అక్కడ రెజ్యూమె రాయడం నేర్పుతారు. వారానికొక పూట, ఎనిమిది వారాలు. రాబర్టా కాగితం మిల్లులో ముప్ఫై ఏళ్ళు కొత్తవాళ్ళని ఎంపిక చేసే పని చేసి రిటైరైంది. ఈ క్లాసు చెప్పడం ఆమెకి ఇదే మొదలు. జైలువాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. ఎవరి నేరమూ అడగకూడదు, ఎవరి శిక్షా అడగకూడదు. ఆమెకీ ఆ గొడవలు అక్కర్లేదు, కాగితం మీద తప్పు కనబడితే మాత్రం చేతులు ఊరుకోవు.

"పదకొండు మంది 'నేను కష్టపడి పనిచేస్తాను' అనే రాశారు. మరి మా మిల్లుకి వచ్చిన సోమరిపోతులంతా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో! ఏం చేశారో రాయండి. మీరు మంచివాళ్ళో కాదో వాళ్ళే తేల్చుకుంటారు."

ఆ మాట రాయనివాడు వెండెల్ కంగాస్ ఒక్కడే. యాభైకి దగ్గర పడ్డ మనిషి. అతను నాలుగు పేజీలు రాశాడు. చెక్క పడవల అతుకుల్లో నూలు కూరి, నీరు చొరకుండా మూసే పనిలో ఉండేవాడట. ఏ పడవకి ఏ కలప వాడాడో, ఏది ఎవరు కొనుక్కున్నారో, అన్నీ రాశాడు.

"నాలుగు పేజీలు ఎవడూ చదవడు. ఒక్క పేజీకి దించు."

"ఏది తీసేయమంటారు మేడమ్?"

"ఇది చూడు. 'పొద్దున్నే సరస్సు మీద మంచు విడిపోతుంటే షెడ్డులో దేవదారు వాసన బాగుంటుంది.' ఇదేం అర్హతయ్యా?"

"అర్హత కాదు మేడమ్. బాగుంటుంది, అంతే."

రాబర్టా పెన్ను ఆగింది. మళ్ళీ మనసు రాయి చేసుకుని కొట్టేసింది.

తర్వాతి వారాల్లో మిగతా తప్పులు ఒక్కొక్కటే దిద్దింది. చనిపోయిన తల్లి ఫోన్ నంబరు తీయించింది. చివరి ఉద్యోగం తర్వాతి ఇరవై రెండేళ్ళు దాచిపెట్టకుండా, జైలు వడ్రంగిషెడ్డులో చేసిన పని రాయించింది. అన్నిటికీ సరేనన్నాడు. ఒక్కచోట మాత్రం మొండికేశాడు.

"పనిలో చేరగల తేదీ ఖాళీ వదిలేశావ్. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. నీకు శ్రద్ధ లేదనుకుంటారు."

వెండెల్ ఆ ఖాళీలో ఏదో రాసి చెరిపేశాడు. చివరికి 'మంచు కరిగాక' అని రాశాడు.

"ఏ ఏడాది మంచయ్యా?" అంది రాబర్టా విసుగ్గా. అతను ఆ మాట మార్చలేదు. పోనీలే అని ఊరుకుంది.

"ఇంతకీ ఎవరికి పంపుదాం?"

"హాల్వర్సన్ గారి పడవల షెడ్డుకి. నాకు పని నేర్పింది ఆయనే. ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం రాయడానికి కూడా మొహం చెల్లలేదు. నన్ను మళ్ళీ రానిస్తాడో లేదో తెలిస్తే చాలు మేడమ్. ఇంకేం వద్దు."

రాబర్టా ఆ కాగితాన్ని తనే పోస్టు చేసింది. వారం గడిచినా జవాబు రాకపోతే ఆగలేక ఫోన్ కూడా చేసింది.

ఎనిమిదో వారం, చివరి క్లాసు. అందరూ వెళ్ళాక వెండెల్‌ని ఆగమంది.

"మీ ముసలాయనతో మాట్లాడాను. ఒక్క పేజీయేనా, మిగతావి ఏం చేశావని నన్నే తిట్టాడు."

వెండెల్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"నువ్వు మూసిన అతుకులు ఇప్పటికీ చుక్క నీరు రానివ్వలేదట. 'వాడు ఎప్పుడొచ్చినా సరే, వాడి చోటు వాడిదే, కిటికీ పక్క బల్ల' అన్నాడు."

వెండెల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. అంత ఆశపడ్డ మనిషిని చూడటం రాబర్టాకి అదే మొదటిసారి. ఆమె కళ్ళూ నిండాయి.

"కిటికీ పక్కదేనా మేడమ్? సరస్సు వైపుదేనా?"

"అదేనయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకొక్కసారి చెప్పండి."

చెప్పింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ బల్ల ఖాళీగా ఉంచొద్దని చెప్పండి మేడమ్. ఎవరినైనా పెట్టుకోమనండి. ఆయన రమ్మన్నాడు, అది చాలు నాకు."

"మళ్ళీ తప్పు! పిలిచి పని ఇస్తుంటే మొహమాటమేంటి?" అని కసిరింది రాబర్టా. వెండెల్ నవ్వి, ఆమె చేతిని గట్టిగా పట్టుకుని వదిలాడు.

గేటు దగ్గర కాపలా ఉన్న లఫేవ్ ఆమె గుర్తింపు కార్డు తిరిగి ఇస్తున్నాడు. రాబర్టాకి సంతోషం దాగలేదు.

"చూస్తూ ఉండు, వచ్చే వసంతానికి మన వెండెల్ పడవల షెడ్డులో ఉంటాడు!"

లఫేవ్ చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది.

"మీకెవరూ చెప్పలేదా? క్లాసులో ఒక కుర్చీ మిగిలితే చాలు, ప్రతి ఏడూ బతిమాలుకుని వచ్చి కూర్చుంటాడు."

"ప్రతి ఏడూనా? ఎందుకు?"

లఫేవ్ ఆమె మొహం చూడలేక గేటు వైపు తిరిగాడు.

"అతను ప్రాణం పోయేదాకా ఇక్కడే, మేడమ్."