డాక్టరమ్మ పక్క కుర్చీ

“హెలికాప్టర్ దిగి ఎంతసేపయింది? ఇంకా ఆవిడ మోచెయ్యి వదలడే!”

వంటగది గుండ్రటి కిటికీకి ముఖం ఆనించి లిండెల్వా పళ్లు నూరింది. అంటార్కిటికా మంచులో పరిశోధనా కేంద్రానికి ఏడాదిపాటు జనరేటర్లు చూసుకున్న ఆమె మొగుడు వుయానీ ఇవాళే ఓడ ఎక్కాడు. అదే ఓడలో ఆమె వంటమనిషి. కేప్‌టౌన్‌లో ఓడ కదిలిన దగ్గర్నుంచి ఈ పూట కోసమే కాచుకుని ఉంది. తీరా చూస్తే ఆయనగారు, క్రేన్ దించుతున్న డీజిల్ పీపాల పక్కనుంచి, కేంద్రం డాక్టరు ఇల్సేని పట్టుకుని పెళ్లికొడుకులా నడిచొస్తున్నాడు. పొయ్యి వదిలి వెళ్లడానికి లేక ఇక్కణ్నుంచే చెయ్యి ఊపింది. కనీసం తల తిప్పలేదు.

“డెక్ మీద మంచు జారుతుంది కదా అక్కా,” అన్నాడు వడ్డించే డెన్వర్, టమాటాలు తరుగుతూ.

“మిగతావాళ్లు జారరా? ఆయనొక్కడేనా జారేది?”

“అబ్బ, నీ నోటికి దణ్ణం!”

ఆమె అనుమానం ఇవాళ్టిది కాదు. రెండు నెలలుగా ఆయన వీడియోలో కనపడటం మానేశాడు. అడిగితే నెట్ బాగాలేదన్నాడు. మెసేజీల్లోనూ తేడానే. నాలుగు ముక్కలు రాస్తే మూడు తప్పులుండే మనిషి ఉన్నట్టుండి బడిపంతుల్లా రాయడం మొదలుపెట్టాడు. పక్కన కూచుని రాసిపెడుతున్నది ఎవరో ఆమె ఊహించుకోలేదా?

ఇంతలో కెప్టెన్ లోపలికి వచ్చాడు.

“లిండెల్వా, ఇవాళ వడ్డన డెన్వర్ చూసుకుంటాడు. నువ్వు కేబిన్‌కి వెళ్లమ్మా. భోజనం కాగానే వుయానీ వస్తాడు. నీతో విడిగా ఏదో చెప్పాలట.”

ఆయన ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. అంటే ఓడంతా తెలుసన్నమాట! ఆమెకి ఒళ్లు భగ్గుమంది.

“చెప్పేదేదో అందరి ముందే చెప్పమనండి సార్.”

కెప్టెన్ తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

భోజనాల గదిలో, ఏడాది తర్వాత తాజా టమాటా మొహం చూసినవాళ్లు పండగ చేసుకుంటున్నారు. వుయానీ మాత్రం డాక్టరమ్మ పక్క కుర్చీలో అతుక్కుపోయాడు. లోపలికొచ్చినా నల్లద్దాలు తీయలేదు, కొత్త షోకు. ఆవిడ రొట్టెకి వెన్న రాసి ఆయన చేతిలో పెడుతోంది. చెవిలో ఏదో చెబుతోంది. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసే లిండెల్వా ఇంట్లోవాళ్లందరినీ కాదని ఆయన్ని చేసుకుంది. ఇప్పుడా నవ్వు ఇంకొకర్తెకి! ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఆ డాక్టరమ్మ గెలిచినట్టేనని మింగేసింది.

ఆయనకిష్టమని పొద్దుటే దంచిన మొక్కజొన్నా చిక్కుడుగింజలూ కలిపి వండింది. ఆ గిన్నెని డెన్వర్ చేతిలోంచి లాక్కుంది. ఒక్క మాట మాట్లాడకూడదు. ఎదురుగా నిలబడి ముఖం చూడాలి. అందులో ఏమాత్రం తడబాటు కనిపించినా ఈ కాపురం ఇక్కడితో సరి.

గిన్నె ఠపీమని ఆయన ముందు పెట్టింది. డాక్టరమ్మ తలెత్తి, ఏప్రాన్ మీది పేరు చదివి తెల్లబోయింది.

వుయానీ ఏమాత్రం తడబడలేదు. వాసన గట్టిగా పీల్చాడు. నల్లద్దాలు తీసి, నేరుగా ఆమె ముఖంలోకే నవ్వాడు.

“తమ్ముడూ, కాస్త నన్ను చెయ్యి పట్టుకుని మా ఆవిడ దగ్గరికి తీసుకెళ్తావా?”